ఎనిమిది వేల పదిహేను మంది

ఈ సంచికకు ఏదైనా రాయమని సంఘం మిత్రులు అడిగినప్పుడు, సైన్సు విద్యార్థిని కనుక సౌరశక్తి గురించో నీటి కాలుష్యం గురించో రాస్తానని ఆశించి ఉంటారు. ఫుట్‌బాల్ గురించి రాస్తానంటే ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆట గురించి కూడా కాదు, ఆట చూడడానికి వచ్చే జనం గురించి అన్నాను. "జనం గురించి ఏముంటది రా రాయడానికి? వస్తరు, పోతరు" అన్నాడు ఒక మిత్రుడు. ఎందుకు వస్తారు, ఎందుకు పోతారు అన్నదే నా వ్యాసం.

గొడవ మా హాస్టల్ టీవీ గదిలో మొదలయింది. నేను మాంచెస్టర్ సిటీ అభిమానిని. ఎందుకు అయ్యానో చెప్పలేను, మా ఊరికీ ఆ ఊరికీ చుట్టరికం ఏమీ లేదు. నా రూమ్మేటు అదే ఊళ్ళో రెండో జట్టు యునైటెడ్ మనిషి. మా జట్టు గెలిచిన ప్రతిసారీ వాడు తెరమీద ఖాళీ కుర్చీలు వెతుకుతాడు. వెతికి, "మీ షేక్ గారు కప్పులు కొన్నారు కానీ జనాన్ని కొనలేకపోయారు" అంటాడు. సిటీ స్టేడియానికి ఒక విమానాల కంపెనీ పేరు ఉంది, ఎతిహాద్ అని. దానికి 'ఎంప్టీహాడ్' అని వెక్కిరింపు పేరు పెట్టినవాళ్ళు ప్రపంచమంతా ఉన్నారు. రెండేళ్ళు పడ్డాను. ఇక లాభం లేదని లెక్కలు తీయడం మొదలుపెట్టాను.

లెక్కలు తీయడం నాకు మా నాయన నేర్పిన విద్య. నల్లగొండ మార్కెట్ యార్డులోకి పోగానే అందరూ ధర అడుగుతారు. మా నాయన ముందు ఎన్ని బండ్లు వచ్చినయో చూస్తడు. "ధర వాడు చెప్తడు బిడ్డా, బండ్లు మనమే లెక్కపెట్టుకోవాలె" అంటడు. ఫుట్‌బాల్‌లో కూడా గోల్స్ అందరూ చెప్తారు. బండ్లు లెక్కపెట్టేవాళ్ళు తక్కువ.

సిటీ మొదట 1880లో ఒక చర్చి వాళ్ళు పెట్టిన చిన్న జట్టు. ఇప్పుడున్న పేరు వచ్చింది 1894లో. 1923లో మెయిన్ రోడ్ అనే కొత్త మైదానానికి మారింది. మొదటి ఆటకే 56,993 మంది వచ్చారు. మాంచెస్టర్ అంటే బట్టల మిల్లుల ఊరు అని మనం చరిత్ర పాఠంలో చదువుకున్నాం. మన చేనేత కార్మికుల నోటి దగ్గర కూడు లాక్కున్న ఊరు అని కూడా చదువుకున్నాం, అది వేరే వ్యాసం. ఆ మిల్లు కూలీలే ఈ జనం. 1850 నాటి ఫాక్టరీ చట్టంతో శనివారం మధ్యాహ్నం రెండు గంటలకు మిల్లులో పని ఆగాలని వచ్చింది. మొదట స్త్రీలకూ పిల్లలకూ, పోను పోను అందరికీ ఆ పూట సెలవు దొరికింది. మిల్లు గేటులోంచి నేరుగా మైదానం గేటులోకి నడిచి వచ్చే వేళ కాబట్టే ఇంగ్లండులో ఫుట్‌బాల్ శనివారం మూడు గంటలకు మొదలవడం ఆచారమయింది. అంటే ఆట వేళ చూసేవాడి వీలునుబట్టి పెట్టారన్న మాట. ఈ సంగతి గుర్తుంచుకోండి, మళ్ళీ దీని దగ్గరికే వస్తాను.

1934 మార్చి 3న ఎఫ్.ఏ. కప్ పోటీలో సిటీ, స్టోక్ జట్ల మధ్య మెయిన్ రోడ్‌లో ఆట జరిగింది. 84,569 మంది వచ్చారు. ఇంగ్లండులో ఒక క్లబ్బు సొంత మైదానంలో జరిగిన ఆటకు అంతమంది రావడం అంతకుముందు లేదు, ఆ తర్వాత కూడా లేదు. 2016లో టాటెన్‌హామ్ వాళ్ళు 85,512 మందిని రప్పించారు గానీ, అది వెంబ్లీ స్టేడియం అద్దెకు తీసుకుని. ఆ 84 వేల మందిలో కుర్చీలో కూర్చున్నవాళ్ళు కొద్దిమందే. మిగతా అంతా మెట్ల మీద నిలబడి, ఒకరి భుజాల మధ్యనుంచి ఒకరు తొంగిచూస్తూ. ఆ రోజు సిటీ గోల్‌కీపర్ ఫ్రాంక్ స్విఫ్ట్ వయసు ఇరవై ఏళ్ళు. నా వయసే. నాకు పదిమంది ముందు సెమినార్ ఇవ్వాలంటేనే చెమటలు పడతాయి. ఆ సంవత్సరమే కప్ ఫైనల్ గెలిచి, ఆట ముగిసిందని ఈల వినపడగానే స్విఫ్ట్ అక్కడికక్కడే మూర్ఛపోయాడట. పాపం, పోడా మరి.

సిటీ చరిత్రలో నాకు బాగా నచ్చేది దాని తిక్క. 1937లో లీగ్ చాంపియన్. మరుసటి ఏడే కింది డివిజన్‌కు పడిపోయింది. అదీ ఆ ఏడు డివిజన్ మొత్తంమీద ఎక్కువ గోల్స్ కొట్టిన జట్టుగా. ఇట్లాంటి జట్టును నమ్ముకున్నవాడి సంగతి వర్షాన్ని నమ్ముకున్న రైతు సంగతే.

రెండో ప్రపంచ యుద్ధంలో యునైటెడ్ వాళ్ళ మైదానం మీద బాంబులు పడ్డాయి. గతిలేక 1949 దాకా వాళ్ళు తమ ఆటలన్నీ సిటీ మైదానంలోనే ఆడుకున్నారు. ఇంగ్లండు లీగ్ ఆటల్లో నేటికీ చెదరని రికార్డు 1948 జనవరి 17న నమోదయింది, 83,260 మంది. ఆడింది యునైటెడ్, ఆర్సెనల్. మైదానం మాది. ఈ సంగతి చెప్పినప్పుడు మా రూమ్మేటు ఒక పూట అన్నం తినేటప్పుడు కూడా మాట్లాడలేదు.

యుద్ధం తర్వాత జనం ఆకలిగా ఉన్నారు, వినోదానికి కూడా. 1948-49లో ఇంగ్లండు లీగ్ ఆటలు చూసినవాళ్ళు నాలుగు కోట్ల పన్నెండు లక్షల పైచిలుకు. అది శిఖరం. అక్కడనుంచి ముప్ఫై ఏడేళ్ళు దిగుడే దిగుడు. 1985-86 వచ్చేసరికి కోటీ అరవై అయిదు లక్షలు. ఇంటికి టీవీ వచ్చింది, కారు వచ్చింది, శనివారం మధ్యాహ్నం చేయడానికి వేరే పనులు వచ్చాయి. మిల్లులు మూతపడ్డాయి. మైదానాలు మాత్రం తాతలనాటివే, చెక్క మెట్లు, తుప్పు కంచెలు. తాగి కొట్టుకునే మూకలు తయారయ్యాయి. 1985 మే నెలలో బ్రాడ్‌ఫర్డ్‌లో చెక్క స్టాండు తగలబడి 56 మంది చనిపోయారు. అదే నెలలో బ్రసెల్స్‌లో హైసెల్ స్టేడియంలో 39 మంది. 1989లో షెఫీల్డ్‌లో హిల్స్‌బరో మైదానంలో తొక్కిసలాట, 97 మంది. ఆట చూడబోయిన బిడ్డ తిరిగి రాని ఇళ్ళు అవి.

సిటీ మాత్రం ఈ దిగుడు అందరికంటే ముందే చూసింది. 1965 జనవరి 16న, రెండో డివిజన్‌లో కొట్టుమిట్టాడుతున్న రోజుల్లో, స్విండన్ జట్టుతో ఆట. మెయిన్ రోడ్‌కు వచ్చినవాళ్ళు 8,015 మంది. సిటీ ఓడిపోయింది. 84 వేలమంది నిలబడిన అవే మెట్ల మీద 8 వేలమంది. పదోవంతు కూడా కాదు. ముప్ఫై ఒక్క ఏళ్ళలో ఇదీ మిగిలింది.

రూమ్మేటుకు ఈ అంకె నేనే చెప్పాను. దాచడం సైన్సు విద్యార్థి లక్షణం కాదు. వాడు పండగ చేసుకున్నాడు. నేను మాత్రం ఆ అంకె దగ్గరే ఆగిపోయాను. జనవరి నెల, మాంచెస్టర్ చలి, వాన. జట్టు బాగాలేదు, బాగయ్యే ఆశ కూడా కనబడడం లేదు. అయినా వచ్చిన ఆ ఎనిమిది వేల మంది ఎవరు? 84 వేలలో ఎవడైనా ఉంటాడు, పక్కింటివాడు పోతున్నాడని వెంట వచ్చినవాడు కూడా ఉంటాడు. 8 వేలలో అట్లాంటి వాడు ఉండడు. పంట బాగా వచ్చిన ఏడు కళ్ళం దగ్గరికి చుట్టాలందరూ వస్తారు. ఎండిన ఏడు చేనుకు పోయేది ఇంటివాడొక్కడే. ఆ ఆట జరిగిన మూడేళ్ళకు, 1968లో, సిటీ చాంపియన్ అయింది. వరసగా కప్పులు వచ్చాయి. 1970ల నడుమకు ప్రేక్షకుల సగటు నలభై వేలకు చేరింది. ఆ నలభై వేలకు విత్తనం ఈ 8,015 మందే అని నా నమ్మకం. రుజువు చేయలేను. పరీక్షలో అయితే మార్కులు పడవు.

ఇంకో దిగుడు ఉంది, దాన్నిబట్టే నేను వాదనలో గెలిచాననుకుంటున్నాను. 1996లో సిటీ ప్రీమియర్ లీగ్‌నుంచి పడిపోయింది. 1998లో ఇంకా కిందికి, మూడో అంతస్తుకు పడింది. క్లబ్బు పుట్టిన తర్వాత అంత కిందికి పోవడం అదే మొదటిసారి. మన భాషలో చెప్పాలంటే రంజీ ఆడే జట్టు జిల్లా లీగ్ ఆడడం. ఆ 1998-99 సీజన్‌లో సొంత మైదానంలో సగటున 28 వేలకు పైగా మనుషులు వచ్చారు. పన్నెండేళ్ళ ముందు, 1986-87లో, పై డివిజన్‌లోనే పెద్ద పెద్ద జట్లతో ఆడినప్పుడు వచ్చిన సగటు 22 వేలు. జట్టు రెండు మెట్లు కిందికి దిగితే జనం ఆరువేలు పెరిగారు! గెలిస్తే వస్తారు, ఓడితే పోతారు అనే సూత్రం ఇక్కడ పనిచేయలేదు.

అయితే అదే సీజన్‌లో ఇంకో అంకె ఉంది. 1998 డిసెంబరులో మాన్స్‌ఫీల్డ్ జట్టుతో ఒక చిన్న కప్పు ఆట జరిగింది. కింది డివిజన్ల వాళ్ళకోసం పెట్టిన కప్పు అది. వచ్చినవాళ్ళు 3,007 మంది. సిటీ చరిత్రలో అంతకంటే తక్కువ లేదు. అదే ఊరు, అవే మనుషులు, అదే జట్టు. లీగ్ ఆటకు 28 వేలు, ఈ కప్పుకు మూడు వేలు. నాకు అర్థమయింది ఏమిటంటే, జనం లీగ్‌లో జట్టుతో పాటు కిందికి దిగడానికి సిద్ధపడ్డారు, కానీ కిందనే ఉండిపోవడానికి ఒప్పుకోలేదు. ఆ కప్పు చూడబోతే మనం ఇక్కడివాళ్ళమే అని ఒప్పుకున్నట్టు అవుతుంది. అప్పులపాలై కూలికి పోయే రైతు కూడా తనను కూలోడు అంటే ఊరుకోడు. 1999 మే 30న వెంబ్లీలో గిలింగ్‌హామ్‌తో ఆఖరి ఆట. తొంభై నిమిషాలు నిండేసరికి సిటీ 2-0తో వెనకబడి ఉంది. చివరి నిమిషాల్లో రెండు గోల్స్ కొట్టి, పెనాల్టీల్లో గెలిచి, ఒక మెట్టు పైకెక్కింది. ఆ మూడో డివిజన్ ఆటకు 76,935 మంది వచ్చారు.

ఇక్కడ సైన్సు విద్యార్థిగా ఒక హెచ్చరిక చేయాలి. అన్ని అంకెలూ ఒక్క రకమైనవి కావు. హిల్స్‌బరో తర్వాత పెద్ద మైదానాల్లో అందరికీ కుర్చీలు ఉండాలని రూలు వచ్చింది. మెయిన్ రోడ్‌లో నిలబడే మెట్లు 1994లో పడగొట్టారు, పట్టేది సుమారు 35 వేలే అయింది. ఆ తర్వాత వచ్చిన అంకె జనం కోరికను కొలవదు, కుర్చీల సంఖ్యను కొలుస్తుంది. ప్రయోగశాలలో వోల్ట్ మీటర్ ముల్లు చివరకు తగిలి ఆగిపోతే, అదే రీడింగ్ అని రాసుకునే తెలివితక్కువవాళ్ళం మనలో ఉన్నాం కదా, అట్లాంటిదే. ఇంకొకటి, పూర్వం గేటు తిరిగితే ఒక మనిషి. ఇప్పుడు క్లబ్బులు చెప్పేది అమ్మిన టికెట్ల సంఖ్య. సంవత్సరం టికెట్టు కొన్నవాడు ఇంట్లో పడుకున్నా లెక్కలో ఉంటాడు. కాబట్టి నా రూమ్మేటు వెతికే ఖాళీ కుర్చీలు పూర్తిగా అబద్ధం కాదని ఒప్పుకుంటున్నాను.

2003లో సిటీ కొత్త స్టేడియానికి మారింది. 2002 కామన్వెల్త్ క్రీడల కోసం ప్రజల సొమ్ముతో కట్టిన స్టేడియం అది. క్రీడలు అయిపోగానే పరుగుల ట్రాక్ తీసేసి, నేలను ఇంకా లోతుకు తవ్వి, ఆ గుంతలో కొత్త వరసలు కట్టి, జనాన్ని బంతి దగ్గరికి తెచ్చారు. వెంటనే సగటు 46 వేలు దాటింది. అబూధాబీ డబ్బు వచ్చింది 2008లో. అంటే డబ్బు రావడానికి ఐదేళ్ళ ముందే, ఏ పెద్ద కప్పూ లేకుండానే, ఆ జనం ఉన్నారు. ఇప్పుడు సగటు 53 వేల చుట్టూ ఉంటుంది. ఈ వాక్యం దగ్గర మా వాదన ముగిసింది. రూమ్మేటు ఓటమి ఒప్పుకోలేదు, యునైటెడ్ వాళ్ళకు అలవాటు లేదు, కానీ ఒక ప్రశ్న వేశాడు. "ఇంత లెక్క తీసినవ్ గదా, మన హైదరాబాద్ జట్టు పోయిన నాడు ఎంతమంది ఉన్నరో లెక్క తీసినవా?"

నిజం చెప్పాలంటే ఆ మాట గుచ్చుకుంది. ఎందుకంటే ఆ రోజు నేను అక్కడ ఉన్నాను.

మిత్రులలో చాలామందికి ఫుట్‌బాల్ అంటే మన ఊరి ఆట కాదని అభిప్రాయం. సయ్యద్ అబ్దుల్ రహీమ్ ఈ ఊరి బడిపంతులు. ఆయన తయారుచేసిన హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు 1950నుంచి 1954దాకా వరసగా ఐదేళ్ళు బొంబాయి రోవర్స్ కప్పు గెలిచింది. ఆయన కోచ్‌గా భారత జట్టు 1951లోనూ 1962లోనూ ఆసియా క్రీడల్లో బంగారు పతకాలు తెచ్చింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం. ఆ జట్లలో మనవాళ్ళు గుంపుగా ఉండేవాళ్ళు. సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరామ్ వాళ్ళలో ఒకడు. ఆయన 2023లో కలకత్తాలో కన్నుమూశాడు. పేపర్లో వార్త చూసిన మా బంధువొకాయన "ఎవరీ బెంగాలీ ఆయన?" అని అడిగాడు.

పోలీసు జట్టు ఎంత గొప్పదైనా పోలీసు శాఖ జట్టు. ఉద్యోగం ఉన్నన్నాళ్ళే ఆటగాడు, శాఖకు ఇష్టం ఉన్నన్నాళ్ళే జట్టు. మొహల్లాలో పుట్టి మొహల్లాకు వారసత్వంగా వచ్చే క్లబ్బు వేరు. కప్పులు ఇంట్లో ఉన్నాయి, ఇల్లు మాత్రం మనది కాదు. అందుకే తరం మారగానే జ్ఞాపకం తెగిపోయిందని నా అభిప్రాయం.

2019లో హైదరాబాద్ ఎఫ్.సి. వచ్చింది. వచ్చింది అనే మాట ఆలోచించి వాడుతున్నాను. పుణె నగరానికి ఉన్న క్లబ్బు మూతపడితే ఆ చోటు మనకు ఇచ్చారు. మొదటి సీజన్‌లో పద్దెనిమిది ఆటలకు పది పాయింట్లు, పట్టికలో అట్టడుగు. తర్వాత కరోనా. రెండు సీజన్లు పోటీలన్నీ గోవాలోనే జరిగాయి. లీగ్ ఆటలు ఖాళీ స్టేడియాల్లో ఆడారు. మన జట్టు బలపడింది ఆ రెండేళ్ళలోనే. అంటే పిల్లవాడు నడక నేర్చుకున్నప్పుడు ఇంట్లోవాళ్ళెవరూ చూడలేదు. 2022 మార్చి 20న గోవాలోని ఫటోర్డాలో ఫైనల్, కేరళ బ్లాస్టర్స్‌తో. ప్రేక్షకులను రానిచ్చారు. గాలరీ నిండా పసుపు రంగే. పసుపు మన జట్టు రంగు కూడా. ఆ రోజు పసుపు చొక్కాలు వేసుకుని ఆడింది మనవాళ్ళే, కేరళవాళ్ళు వేరే రంగు వేసుకున్నారు. కానీ ఆ పసుపు జనం మనకోసం రాలేదు, కేరళకోసం వచ్చారు. మన గోల్‌కీపర్ కట్టిమణి పెనాల్టీలు ఆపి ఆపి కప్పు చేతిలో పెడితే, తమ రంగు వేసుకున్నవాళ్ళు గెలిచారని ఏడ్చిన స్టేడియం అది. అప్పుడు నేను ఇంకా స్కూల్లో ఉన్నాను. ఊళ్ళో మా ఇంట్లో, మా నాయన ఫోన్‌లో చూశాను. చివరి పెనాల్టీ దగ్గర బోరు స్టార్టర్ వెయ్యమని కేకేస్తే పోలేదు, దెబ్బలు తిన్నాను.

డిగ్రీకి నగరం వచ్చాక గచ్చిబౌలి స్టేడియానికి నాలుగుసార్లు పోయాను. అప్పటికే జట్టు చితికిపోయి ఉంది. అంతకుముందు సీజన్‌లో జీతాలు అందక పెద్ద ఆటగాళ్ళంతా వెళ్ళిపోయారు, యాజమాన్యం మారింది. ఆట రాత్రి ఏడున్నరకు. మా హాస్టల్‌నుంచి రెండు బస్సులు మారాలి. ఆ వేళకు ఆఫీసులు వదులుతాయి, గచ్చిబౌలి రోడ్డు ఎట్లా ఉంటుందో నేను చెప్పనక్కరలేదు. మొదటిసారి పోయేసరికి ఇరవై నిమిషాల ఆట అయిపోయింది. తొమ్మిదిన్నరకు ముగుస్తుంది, హాస్టల్ గేటు పదింటికి మూస్తారు. ఆఖరి పదిహేను నిమిషాలు గడియారం చూస్తూ చూసిన ఆటలే అన్నీ. శనివారం మూడు గంటల సంగతి గుర్తుంచుకోమన్నాను కదా. ఇక్కడ వేళ పెట్టింది స్టేడియానికి వచ్చేవాడి వీలు చూసి కాదు, టీవీ చూసేవాడి వీలు చూసి. ఇంట్లో కూర్చున్నవాడి వీలు చూసి, వాడు ఇంట్లోనే కూర్చున్నాడని కోప్పడడం ఏం న్యాయం?

ఇంకో సంగతి. గచ్చిబౌలి స్టేడియం కూడా క్రీడోత్సవాలు చూసిందే, 2003లో ఆఫ్రో-ఏషియన్ క్రీడలకు వేదిక. మాంచెస్టర్ స్టేడియం ఈడుదే. వాళ్ళు ట్రాక్ పీకేసి జనాన్ని బంతి దగ్గరికి తెచ్చారు. ఇక్కడ ట్రాక్ అట్లాగే ఉంది. గాలరీలో కూర్చుంటే ముందు ట్రాక్, ఆ తర్వాత ఎక్కడో ఆట. బంతి తన్నిన చప్పుడు నా దాకా వినపడలేదు. అథ్లెటిక్స్ వాళ్ళకు ట్రాక్ కావాలి, కాదనను. కానీ ఫుట్‌బాల్ జనం ఎందుకు రాలేదంటే చెప్పుకోదగిన కారణాల్లో ఇదొకటి.

2025 మార్చి 12న ఆఖరి లీగ్ ఆట, మళ్ళీ కేరళతోనే. ఆ రోజు జనం బాగానే ఉన్నారు. కాకపోతే నా చుట్టూ వినిపించింది మలయాళం. ఆసుపత్రుల్లో పనిచేసే నర్సులు, సాఫ్ట్‌వేర్ వాళ్ళు, నా పక్కన ఒక టీ కొట్టు ఆయన. మలప్పురం మనిషి, ఇరవై ఏళ్ళుగా ఇక్కడే ఉంటున్నాడు. వాళ్ళ జట్టు కూడా ఆ ఏడు బాగా ఆడలేదు, పై దశకు పోయే ఆశ లేదు. "మరి ఎందుకొచ్చారు అన్నా?" అని అడిగాను. ఆయన నా ప్రశ్నే అర్థం కానట్టు చూశాడు. తర్వాత చెప్పాడు, వాళ్ళ ఊళ్ళో వరి కోత కాగానే ఆ పొలంలోనే ఏడుగురు ఏడుగురుగా ఫుట్‌బాల్ పోటీలు పెడతారట. సెవెన్స్ అంటారు. చుట్టుపక్కల ఊళ్ళు మొత్తం టికెట్టు కొనుక్కుని వస్తాయట. వాళ్ళ నాయన భుజాల మీద కూర్చుని చూశాడట మొదటిసారి. నేను కూడా కోసిన పొలంలోనే ఆడుకున్న పిల్లవాణ్ణి. మేము ఆడింది క్రికెట్టు, చూసింది మేకలు కాసే ముసలాయన ఒక్కడే. 2014లో కొచ్చిలో మొదటి సీజన్‌కే సగటున సుమారు 49 వేలమంది వచ్చారంటే టీవీ ప్రకటనలు చూసి వచ్చారనుకున్నాను. కాదు, వాళ్ళు అప్పటికే ఉన్నారు. స్టేడియమే ఆలస్యంగా వచ్చింది.

ఆట 1-1తో ముగిసింది. గేటు మూస్తారని పరుగెత్తాను. హైదరాబాద్ ఎఫ్.సి. సొంత ఊళ్ళో ఆడిన ఆఖరి లీగ్ ఆట అదేనని అక్కడున్నవాళ్ళలో ఎవరికీ తెలియదు. ఆ 2025లోనే క్లబ్బు ఢిల్లీకి పోయింది, పేరు కూడా మార్చుకుంది. ఆ ఢిల్లీకి ఉన్న పాత క్లబ్బు 2019లో భువనేశ్వర్‌కు పోయింది. పుణెలో పోయింది హైదరాబాద్‌లో మొలిచింది, హైదరాబాద్‌లో పీకింది ఢిల్లీలో నాటారు. వ్యాపారానికి ఇది మామూలే కావచ్చు. నష్టం వస్తున్న దుకాణం మూసుకోవద్దని ఎవరూ అనలేరు. కానీ "హైదరాబాద్‌లో ఫుట్‌బాల్‌కు జనం లేరు" అనే మాట నాకు నచ్చలేదు. మన కాలేజీలోనే ఎంతమంది నోట విన్నానో!

మా నాయన పన్నెండేళ్ళ క్రితం రెండెకరాల్లో బత్తాయి పెట్టాడు. నాలుగేళ్ళదాకా కాయ అన్న మాట లేదు. నీళ్ళు పెట్టాలి, పాదులు తవ్వాలి, ఎరువు వెయ్యాలి, మధ్యలో పెసరో వేరుశనగో వేసుకుని ఆ నాలుగు రాళ్ళతో ఇల్లు గడపాలి. ఒక ఎండాకాలం బోరు ఎండిపోతే ట్యాంకర్లతో నీళ్ళు పోశాడు. అప్పు ఇంకా పూర్తిగా తీరలేదు. హైదరాబాద్ క్లబ్బు సంగతి ఆయనకు చెప్పాను. మొత్తం ఎన్ని ఏండ్లు ఉన్నరు అని అడిగాడు. ఆరు అన్నాను. అందుల రెండేండ్లు ఇక్కడ లేనే లేరు అని కూడా చెప్పాను. "మరి తోట పెట్టి రెండేండ్లు నీళ్ళు పొయ్యకపాయె, ఇంక కాయలేదని చెట్టు మీద కోపమెందుకు?" అన్నాడు. ఆయన జీవితంలో ఫుట్‌బాల్ ఆట ఒక్కటి కూడా పూర్తిగా చూడలేదు.

మాంచెస్టర్‌లో 8,015 మంది వచ్చిన నాటికి క్లబ్బు వయసు ఎనభై ఏళ్ళు పైన. తాత వచ్చాడు కాబట్టి తండ్రి, తండ్రి వచ్చాడు కాబట్టి కొడుకు. ఆ క్లబ్బు ఓడింది, పడింది, నవ్వులపాలయింది, మైదానం మార్చింది, కానీ ఊరు మార్చలేదు. వచ్చే శనివారం కూడా ఇక్కడే ఉంటుందని తెలిసినవాడే ఈ శనివారం వాన లెక్కచేయడు. మనవాళ్ళు రాలేదనే ముందు, మనవాళ్ళకు ఆ భరోసా ఎవరైనా ఇచ్చారా అని అడగాలి. అట్లాగని మన తప్పు లేదనను. నాలుగుసార్లు పోయాను అని గొప్పగా రాశాను కానీ, ఆ సీజన్‌లో ఇక్కడ ఇంకా చాలా ఆటలు జరిగాయి. మిగతా రోజుల్లో నేను టీవీ గదిలో కూర్చుని మాంచెస్టర్‌లో ఖాళీ కుర్చీలు ఎన్ని అని తగాదా పడుతున్నాను.

కిందటి నెలలో ఒక ఆదివారం పొద్దున నగరంలో స్థానిక జట్ల ఆట ఉందని తెలిసి పోయాను. రూమ్మేటును కూడా లేపుకుని పోయాను. టికెట్టు లేదు, గాలరీ లేదు, గోడ పక్కన వేపచెట్టు నీడ ఉంది. ఎర్ర మట్టి నేల. గోల్‌కీపర్ బూట్లలో ఒకదానికి లేసు బదులు సుతిలి తాడు కట్టి ఉంది. బంతి తన్నిన ప్రతి చప్పుడూ వినపడింది. ఒక ముసలాయన కుర్చీ ఇంటినుంచి తెచ్చుకున్నాడు. రెఫరీని ఉర్దూలోనూ తెలుగులోనూ సమానంగా తిడుతున్నాడు. సగం ఆటలో నేను లేచి చుట్టూ తిరిగి లెక్కపెట్టాను. ఆటో ఆపి చూస్తున్న ఇద్దరినీ, గోడమీద పిల్లలనూ, మమ్మల్నిద్దరినీ కలుపుకుంటే అరవై ఒక్కమంది.